మోరీలో పోయే ఊరు

ఈతమిట్టలో కోడి కూడా రోడ్డెక్కదు. ఎక్కితే కుప్పమ్మ చూస్తుంది. కుప్పమ్మ చూసిందంటే ఆ కోడికీ, దాన్ని పెంచినవాళ్ళకీ, వాళ్ళకు ముందు మూడు తరాలకూ కలిపి ఒకే ఊపిరిలో చీవాట్లు పెడుతుంది. ఆమె గొంతు విప్పితే బంగారుపాళ్యం బస్టాండులో కండక్టర్లు విజిల్ నోట్లో పెట్టుకుని, ఎవరు ఆపమన్నారా అని వెనక్కి తిరిగి చూస్తారని చెప్పుకుంటారు. కొంచెం ఎక్కువే చెప్పుకుంటారు గానీ, మరీ ఎక్కువ కాదు.

చెన్నై నుంచి బెంగళూరుకు పోయే పెద్ద రోడ్డు ఆ ఊరిని రెండుగా కోసింది. ఇళ్ళు, గొడ్లపాకలు, మామిడితోటలు దక్షిణం పక్క. బడి, పాలకేంద్రం, రేషన్ షాపు, బస్సు ఆగే చోటు ఉత్తరం పక్క. మధ్యలో లారీలు. ఒకసారి గాలికి ఎగిరిన మునెయ్య తలగుడ్డ లారీ మీద పడితే, ఆయన దాన్ని మర్నాడు బెంగళూరు టోల్‌గేటు దగ్గర అడిగి తెచ్చుకున్నాడు. అంత వేగం వాటిది.

అందుకని ఊరికి ఒక కట్టుబాటు. పైన ఎవరూ దాటకూడదు. వంక నీళ్ళు పోవడానికి రోడ్డు కింద కట్టిన మోరీ ఒకటుంది. వానాకాలంలో ఓ పది రోజులు తప్పిస్తే ఏడాదంతా ఎండిపోయే ఉంటుంది. మనుషులు, ఆవులు, మేకలు, పాలక్యాన్లు, బడి సంచులు, పెళ్ళి బ్యాండు, అన్నీ ఆ చీకట్లోంచే పోయి అవతలి వెలుతుర్లో తేలతాయి. పైన కాలు పెట్టినవాడు ఒక పగలంతా మోరీలో ఒండ్రు ఎత్తిపొయ్యాలి. ఇందులో పెద్దా చిన్నా లేదు. పోయినేడు ఒక పెళ్ళికొడుకు మేనమామ, పలమనేరు మనిషి, తెలియక పైన దాటాడు. పట్టుపంచె మోకాళ్ళపైకి కట్టించి చేతికి గంప ఇచ్చారు. అవతల మేళం మోగి తాళి కట్టేసినా ఆయన ఇంకా ఇరవయ్యో గంప దగ్గరే ఉన్నాడు.

మంగళవారం పొద్దున ఆరు గంటలకు కుప్పమ్మ పాలక్యాను ఎత్తుకుని మోరీలోంచి పైకెక్కేసరికి పాలకేంద్రం ముందు వరస కదలడం లేదు. కేంద్రం సెక్రటరీ మునిచంద్ర పాలు గరిటెతో కలియబెట్టి, చిన్న గిన్నెలోకి వంచి, వెన్న చూసే మిషను కింద పెట్టాల్సిన మనిషి. ఈరోజు గరిటె పాలల్లోనే వదిలేసి, పంచాయతీవాళ్ళు గోడకు అంటించి పోయిన కాగితాల ముందు నిలబడి ఉన్నాడు.

"ఏమబ్బా మునిచంద్రా, పాలు పెరుగైనాక సూస్తావా?"

"ఉండు పెద్దమ్మా. మన ఊరి పేరు పడిండాది ఈడ."

"మంచికా, సెడ్డకా?"

"అదే సదవతాండా."

రోడ్డును ఆరు వరసలు చేస్తారట. అందువల్ల ఊళ్ళకూ, చెట్లకూ, నీళ్ళకూ ఏం జరుగుతుందో ఒక కంపెనీ లెక్క తీసి నివేదిక రాసిందట. దాని మీద శుక్రవారం పాలకేంద్రం పక్కనున్న మామిడి యార్డులో, జాయింట్ కలెక్టరు ముందర ప్రజలు మాట్లాడొచ్చట. మునిచంద్ర వేలు కిందికి జరుపుతూ ఈతమిట్ట దగ్గర ఆపి, గట్టిగా చదివాడు.

"ఈతమిట్ట వద్ద మూడు దినములు, పగలు పన్నెండు గంటల చొప్పున లెక్కించగా, రహదారిని దాటిన పాదచారులు సున్నా. పశువులు సున్నా. దాటవలసిన అవసరము లేదని స్థానికులు తెలిపినారు. కావున ఇచ్చట దాటు మార్గము అవసరము లేదు. ఉన్న కల్వర్టును తొలగించి తొమ్మిది వందల మిల్లీమీటర్ల పైపు వేయబడును. ఇరువైపులా గోడ కట్టబడును."

వరసలో ఎవరో నవ్వారు. "మనమంతా సున్నానంట మే."

"తొమ్మిదినూర్ల మిల్లీమీటర్లంటే ఎంతబ్బా?" అని అడిగింది వరసలో ముందున్న గురవమ్మ.

మునిచంద్ర చేతులు రెండూ గుండ్రంగా పెట్టి చూపించాడు. ఆ గుండ్రంలోంచి అతని పొట్ట మాత్రం కనిపించింది. "క్యాను పోతాది. క్యాను పట్టుకున్న మనిసి పోడు."

"నా ఆవు?"

"నీ ఆవు మొగం పోతాది. మిగతాది ఈ పక్కనే ఉంటాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గోడ కడితే పక్క బ్రిడ్జి రెండున్నర కిలోమీటర్లు. పోను రెండున్నర, రాను రెండున్నర, పొద్దునా సాయంత్రమూ. జూన్ ఎండకు అంత దూరం నడిచిన పాలు కేంద్రానికి చేరేలోపే విరిగిపోతాయి. బడి పిల్లకాయలు అయిదేళ్ళవాళ్ళు. ఇక వానొచ్చి వంక పారితే, మామిడాకులూ ఒండ్రూ కలిసి ఆ పైపు మూసుకోవడానికి ఒక్క రోజు చాలు. నీళ్ళు వెనక్కి తన్ని గొడ్లపాకల్లోకి వస్తాయి.

"ఎవురు లెక్క తీసింది?" కుప్పమ్మ గొంతు మామూలుగా లేదని క్యాన్లు పట్టుకున్నవాళ్ళందరికీ తెలిసింది. చాలా చిన్నగా వచ్చింది.

"శివరాత్రికి ముందర వచ్చినాడు గదా, పెద్ద గొడుగేసుకొని రోడ్డుపక్క కూచున్న బట్టతలాయన. చేతిలో టిక్కుటిక్కుమని నొక్కే మిషను. ఆయన."

కుప్పమ్మ క్యాను కింద పెట్టింది. ఆ మనిషి గొడుగు వేసింది సరిగ్గా మోరీ నెత్తిన. ఆయన పైన కూర్చుని రోడ్డు వంక చూస్తుంటే, ఆయన కాళ్ళ కింద ఊరంతా అటూ ఇటూ నడిచింది. మూడు రోజులూ ఆయనకు చెంబుడు మజ్జిగ పోసింది తనే. మూడో రోజు ఆయన, "నిజంగానే ఎవురూ దాటరా అవ్వా?" అని అడిగితే, ఊరి కట్టుబాటు పరాయి మనిషి ముందు నిలబడిందన్న పొంగులో, "మా ఊర్లో కోడి కూడా దాటదు నాయనా, రాసుకో" అని చెప్పింది కూడా తనే.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. పాలు పోసి, చీటీ కొంగున కట్టుకుని, మోరీలోకి దిగిపోయింది.

మర్నాడు మునిచంద్రను వెంటబెట్టుకుని చిత్తూరు పోయింది. కోర్టుల వెనక వీధిలో ఒక మిద్దె ఇంట్లో ఉంది ఆ కంపెనీ ఆఫీసు. మెట్లెక్కి పోతే, గోడ పొడవునా రోడ్డు పటం పరిచి ఉంది. చీమంత అక్షరాల్లో ఊర్ల పేర్లు. బల్ల వెనక కూర్చున్న మనిషి పేరు స్టెల్లా. నలభై ఏళ్ళుంటాయి. జనం గురించి రాసే పని ఆమెది. టిఫిన్ డబ్బా మూత తీసి, వీళ్ళను చూసి మళ్ళీ పెట్టేసింది.

"తిను పాపా," అంది కుప్పమ్మ. "అన్నం దగ్గర అడ్డం రాకూడదు. మేము కూచుంటాము."

"పరవాలేదులేమ్మా, చెప్పండి."

మునిచంద్ర చెప్పాడు. స్టెల్లా విని, లేచి, అల్మారాలోంచి ఒక ఫైలు తీసి, మూడు కాగితాలు బల్ల మీద పరిచింది. గంటకొక గడి. గడిగడికీ సున్నా. పన్నెండు సున్నాల వరసలు మూడు, కోడిగుడ్లు అమ్మకానికి పెట్టినట్టు.

"నాకూ అనుమానమొచ్చిందమ్మా. ఊరన్నాక ఒక్కరన్నా దాటకుండా ఎట్లుంటారని ఢిల్లీబాబుకు ఫోన్ చేసి అడిగినా. లెక్క తీసినాయన. ఊరోళ్ళే చెప్పినారన్నాడు. చూడండి, రాసినాడు కూడా." కాగితం అడుగున వేలు పెట్టి చదివింది. "స్థానిక మహిళ, వయసు అరవై. మా ఊర్లో కోడి కూడా దాటదు అని తెలిపినది."

మునిచంద్ర కుప్పమ్మ వైపు తిరిగాడు. కుప్పమ్మ ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను తిరగడం లేదు.

"ఆ అరవయ్యేండ్లదాన్ని నేనే పాపా," అంది చివరికి. "యాబై ఎనిమిది. ఆయన రెండేండ్లు ఎక్కువేసినాడు."

స్టెల్లా పెదవులు బిగబట్టుకుంది గానీ కళ్ళలో నవ్వు ఆగలేదు.

"మేము దాటము. మోరీలో పోతాము. పైన పోతే సస్తామని కింద పోతాము. పద్ధతిగా బతికినామని మమ్మల్ని ల్యాకుండా సేసినారే మీరు."

ఆ మాటకు నవ్వు ఆగిపోయింది. స్టెల్లా మూడు కాగితాలూ ఒక దాని మీద ఒకటి పెట్టి అంచులు సరిచేసింది, మళ్ళీ విడదీసింది. "అమ్మా, మీరు చెప్పేది అబద్ధమని నేననడం లేదు. కానీ ఈ దారిలో అరవై ఒక్క ఊర్లుండాయి. ప్రతి ఊరూ బ్రిడ్జి కావాలంటుంది. మాటను బట్టి నేను సున్నాను కొట్టెయ్యలేను. నాకు కనపడాల. శుక్రవారం సారు వచ్చినప్పుడు నేనూ వస్తా. అప్పుడు చూపించండి."

"ఎన్ని గంటలకు మీటింగు?"

"పదకొండుకు. ఒంటిగంటకు అయిపోతుంది."

"పదకొండుకు మోరీలో ఏముంటాది పాపా? కుక్క పండుకోనుంటాది. మాది పాలపొద్దు. పొద్దున ఆరు, సాయంత్రం అయిదు. మీటింగు అయిదుకు పెట్టు."

"పేపర్లో వేసేసినారమ్మా. గంట మార్చాలంటే మళ్ళీ నెల పడతాది."

బస్సులో వెనక్కి వచ్చేటప్పుడు పల్పు ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు మైలు పొడవున నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు ట్రాక్టర్ల కిందే చాపలేసుకుని పడుకున్నారు. కుప్పమ్మ కిటికీలోంచి చూస్తూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె పక్కన పాతికేళ్ళుగా ప్రయాణం చేస్తున్న మునిచంద్రకు ఇది భయం పుట్టించింది. రెండుసార్లు నుదురు తాకి చూశాడు.

గురువారం సాయంత్రం పాలు పోసినాక ఊరంతా మోరీ వాలు దగ్గర కూడింది. చెంగయ్య మధ్యలో నిలబడ్డాడు. ట్రాక్టరు తోలుతాడు, మనిషి గడ్డివామంత ఉంటాడు. మోరీలో పోయేటప్పుడు నడుం సగానికి వంచాలి.

"రేపు సారు కారు దిగంగానే ఊరంతా రోడ్డెక్కుదాము," అన్నాడు. "గొడ్లతో, మేకలతో, పిల్లోళ్ళతో. ఇన్నూరు మందిమి ఆయన కండ్ల ముందర దాటుదాము. లారీలు చెన్నైదాకా నిలిచిపోనీ. అప్పుడు సున్నా అంటారేమో సూద్దాము."

బాగుందన్నారు అందరూ. ఎప్పుడూ నోరెత్తని గురవమ్మ కూడా బాగుందంది. ఒక ముసలాయన అయితే తన మేకలు ముందర పోవాలని అప్పుడే పంచాయితీ మొదలుపెట్టాడు.

"కట్టుబాటో?" అంది కుప్పమ్మ.

"కట్టుబాటే మనకు సున్నా తెచ్చింది అత్తా."

"కట్టుబాటు కాదు, తెచ్చింది నేను." కుప్పమ్మ గట్టు మీద నుంచి లేచింది. "గొడుగాయనకు కోడి కూడా దాటదని సెప్పింది నేనే. మజ్జిగ పోసి మరీ సెప్పినా. ఆయన రాసుకున్నాడు. తిట్టేవాళ్ళు తిట్టండి, వింటా."

ఆమెను తిట్టే అవకాశం ఆ ఊరికి ముప్పై ఏళ్ళలో మొదటిసారి దొరికింది. అంత అకస్మాత్తుగా దొరికేసరికి ఎవరికీ ఏం తిట్టాలో తెలియలేదు. ముసలాయన నోరు తెరిచి, గొంతు సవరించుకుని, మూసేశాడు.

"సరే అత్తా, అయ్యిందేదో అయ్యింది," అన్నాడు చెంగయ్య. "చిన్నబ్బ లారీ కింద పడి పోయినప్పుడు ఈ కట్టుబాటు పెట్టమని ఊరి కాళ్ళు పట్టుకున్నది నేను. నా తమ్ముడు వాడు. ఇప్పుడు ఒక్క పొద్దుకు తియ్యమని అడిగేది కూడా నేనే. నాకు ల్యాని బాధ నీకేంది?"

కుప్పమ్మ అతని దగ్గరకు నడిచింది. మెడ ఎత్తి చూస్తే గానీ అతని ముఖం అందదు ఆమెకు.

"బాధ ల్యా. ఒగటి అడుగుతా, సెప్పు. మనం దాటేటప్పుడు మొదటి లారీ నిలవాల గదా. అది నిలుస్తాదో ల్యాదో తెలుసుకునేదానికి ఒగ మనిసి ముందర కాలు పెట్టాల. ఎవుర్ని పెడతావు? పేరు సెప్పు."

"నేనే పోతా."

"నీ యెనక నీ బిడ్డ వస్తాది, నాయన పోయినాడని. దాని పేరు సెప్పు."

పైన ఒక ట్యాంకరు పోయింది. కాళ్ళ కింద నేల అదిరింది. చెంగయ్య తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

శుక్రవారం పదకొండుకు మామిడి యార్డులో షామియానా కింద ఊరంతా కూర్చుంది. మైకు పెట్టారు. వీడియో పెట్టారు. కుర్చీలు వేసి, నీళ్ళ సీసాలు పంచుతున్న మనిషిని చూసి కుప్పమ్మ కళ్ళు చిట్లించింది. బట్టతల. ఢిల్లీబాబు ఆమెను చూసి, చేతిలో సీసాలతో సహా స్తంభం వెనక్కి జరిగాడు.

"దాక్కోవద్దులే నాయనా. నీ తప్పేముండాది, నేను సెప్పింది నువ్వు రాసినావు."

"మీరు పోసిన మజ్జిగ ఇంగా గుర్తుండాదవ్వా," అన్నాడు ఢిల్లీబాబు స్తంభం వెనకనుంచే.

పదకొండు ఒంటిగంట అయింది. ఒంటిగంట మూడు అయింది. ఫ్యాక్టరీ ముందు మామిడి ట్రాక్టర్ల వరస అడ్డం తిరిగి, జాయింట్ కలెక్టరు కారు రెండు తోతాపురి లోడ్ల మధ్య ఇరుక్కుందని కబురొచ్చింది. మూడుంబావుకు దిగాడాయన. చిన్న వయసు, సన్నటి మనిషి, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కూర్చోకుండా ముందు మోరీ చూస్తానన్నాడు. రోడ్డు అంచున నిలబడి కిందికి వంగి చూశాడు. కుప్పమ్మ చెప్పినట్టే కుక్క పడుకుని ఉంది. అది కూడా తలెత్తలేదు.

మీటింగు మొదలైంది. ఒకాయన దుమ్ము గురించి చెప్పాడు, మామిడి పూత మీద దుమ్ము పడితే పిందె నిలవదని. ఇంకొకాయన రోడ్డు పొడవునా కొట్టెయ్యబోయే చింతచెట్ల గురించి చెప్పాడు. సారు అన్నీ రాయించాడు. ఓపిక గల మనిషే. కుప్పమ్మ పేరు పిలిచారు.

ఆమె జీవితంలో మైకు పట్టుకోలేదు. పట్టుకోవలసిన అవసరమూ రాలేదు. అది నోటి ముందు పెట్టేసరికి తన గొంతు తనకే ఎక్కడో దూరంనుంచి, ఎవరో ముసలిదాని గొంతులా వినిపించింది. బెదిరిపోయింది.

"సామీ, మేము మోరీలో పోతాము."

"ఎంతమందమ్మా?"

"అందురూ."

"అంటే, రోజుకు ఎంతమంది? వంద? యాభై?"

"అందురూ సామీ. గొడ్లు కూడా."

పక్కన కూర్చున్న రోడ్డు ఇంజనీరు కాగితం తిప్పి సారు ముందు పెట్టాడు. మూడు వరసల సున్నాలు. స్టెల్లా ఏదో చెప్పబోయింది. ఇంజనీరు, "లెక్క మీ కంపెనీదే గదా మేడం," అన్నాడు. ఆమె తల దించుకుని పెన్ను మూత పెట్టింది, తీసింది.

"మీ మాట రికార్డు చేసుకున్నామమ్మా," అన్నాడు సారు. "తర్వాతి పేరు."

కుప్పమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివంకే చూసుకుంది. నలభై ఏళ్ళు ఆవుల్ని పితికిన చేతులు, బొటనవేళ్ళు పక్కకు ఒరిగిపోయాయి. ఇక అయిపోయింది అనుకుంది.

అప్పుడు రోడ్డు అవతలినుంచి ఆవు అరిచింది. ఒకటి అరిస్తే ఇంకొకటి. నాలుగున్నర అయింది. పొదుగు నిండిన ఆవుకు కలెక్టరని తెలియదు, ఆరు వరసలని తెలియదు. షామియానా కింద ఆడవాళ్ళు కుర్చీల్లో కదిలారు. ఎవరి ఆవు గొంతు వాళ్ళకు తెలుస్తోంది.

కుప్పమ్మ లేచింది. "లేయండి మే. పాలపొద్దయింది."

"సారు ఉండాడు గదా," అంది గురవమ్మ.

"సారు రేపూ ఉంటాడు. పొదుగు గట్టిపడితే ఆవు ఉండదు. లేయండి."

ఒక్క ఊపున రెండువందల కుర్చీలు కిర్రుమన్నాయి. మైకు దగ్గర నిలబడిన ముసలాయన మాట సగంలో ఆపి, మైకు ఢిల్లీబాబు చేతిలో పెట్టి నడిచాడు. మునిచంద్ర కేంద్రం తాళం తియ్యడానికి పరుగెత్తాడు. సారు పక్కనున్న గుమాస్తా లేచి, "బహిష్కరిస్తున్నారా ఏంది?" అన్నాడు. జవాబు చెప్పే తీరిక లేదు వాళ్ళకు.

రోడ్డు అంచున చెంగయ్య ఆగాడు. మోరీ వాలు ఎడమ పక్క. రోడ్డు ఎదురుగా. వెనక అధికారులు చూస్తున్నారు, వీడియో తిరుగుతోంది. అతని కుడికాలు తారు మీదికి పోయింది.

"అత్తా, ఒక్కసారి. ఇప్పుడు కాకపోతే ఇంగెప్పుడు? అందురూ నా యెనకే ఉండారు."

నిజంగానే ఉన్నారు. పిల్లలూ, మేకలవాళ్ళూ, గురవమ్మా. అతను అడుగేస్తే వేసేటట్టు ఉన్నారు. దూరంగా ఒక కంటెయినరు లారీ వంపు తిరిగింది.

కుప్పమ్మ అరవలేదు. అరిస్తే సారుకు మంచి తమాషా అవుతుంది. చెంగయ్య పక్కకు వచ్చి, అతని చెయ్యి పట్టుకుంది. ఆవు పలుపు పట్టుకున్నట్టు, లాగకుండా, వదలకుండా పట్టుకుంది. లారీ దగ్గరికొచ్చింది. గాలి కొట్టి ఆమె కొంగు ఎగిరింది. లారీ పోయింది.

చెంగయ్య కాలు వెనక్కి తీసుకున్నాడు. ఎడమకు తిరిగి, వాలు దిగి, నడుం వంచి మోరీలోకి పోయాడు. అతని వెనక ఒక్కొక్కరూ. కుక్క లేచి దారిచ్చింది. కుప్పమ్మ అందరికన్నా చివర దిగింది.

పాకలో ఆవు పొదుగు రాయిలా ఉంది. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, చేతికి చుక్క నూనె రాసుకుని, ముందు రెండు చన్నులు అందుకుంది. మొదటి ధార గిన్నె అడుగున ఠంగుమంది. తర్వాత చప్పుడు మెత్తబడుతూ పోయింది. కుప్పమ్మ నుదురు ఆవు డొక్కకు ఆనించి పితికింది. మైకులో ఏం చెప్పాల్సిందో ఇప్పుడు వరసగా గుర్తొచ్చింది. పొద్దున ఎందరు, సాయంత్రం ఎందరు, ఎన్ని క్యాన్లు, ఎన్ని బడి సంచులు. అన్నీ గుర్తొచ్చాయి. ఎవరికి చెప్పేది, ఆవుకు తప్ప. ఆవు నెమరు వేస్తూ విన్నది.

క్యాను మూత బిగించి మోరీ దగ్గరకు వస్తే, దారి నిండిపోయి ఉంది. ముందు క్యాన్లు పట్టుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య అవతలి గట్టుకు మేతకు పోయే ఆవులు, అటునుంచి ఇళ్ళకు వచ్చే మేకలు. రోజూ ఉండే తొక్కిసలాటే. కానీ లోపల, సగం దూరంలో, ఒక సెల్‌ఫోను దీపం వెలుగుతోంది.

ఢిల్లీబాబు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గోడవార కూర్చున్నాడు. చేతిలో మిషను టిక్కుటిక్కుమంటోంది. పక్కన స్టెల్లా ఫోను దీపం పట్టుకుని ఉంది. ఆమె పక్కన, వీపు గోడకు అతికించుకుని, చొక్కా నిండా సున్నంతో, జాయింట్ కలెక్టరు.

"బయటికి పోదామని అరగంటనుంచి చూస్తా ఉన్నానమ్మా," అన్నాడాయన కుప్పమ్మను చూసి. "ఎవరూ దారి ఇవ్వడం లేదు." ఆ మాట అంటుండగానే ఒక ఆవు తోకతో ఆయన చెవి మీద ఒకటి ఇచ్చింది. ఆయన నుదుటి మీద అప్పటికే నిమ్మకాయంత బొప్పి ఉంది.

"సెంగయ్యలా వంగాల సామీ. ఈడ కలెక్టరైనా వంగాల్సిందే."

ఏం జరిగిందో పాలకేంద్రం దగ్గర మునిచంద్ర చెప్పాడు. గరిటె ఆడిస్తూనే చెప్పాడు, పాల కన్నా మాటలు ఎక్కువ చిలికాడు.

"మీరు పోయినాక సారు రోడ్డు పక్కే సూస్తాండాడు పెద్దమ్మా. రోడ్డు మీద ఒగ పురుగు ల్యా. ఇన్నూరుమంది యాడికి పోయినారయ్యా అన్నాడు. గుమాస్తా షామియానా యెనక సూసొచ్చినాడు. ఇంజనీరు లారీ యెనక సూసినాడు. నేలేమన్నా మింగిందా అన్నాడు సారు. అంతలో అవతల గట్టుమీద సెంగన్న తలగుడ్డ లేసింది. దాని యెనక గురవక్క. దాని యెనక ఊరంతా. సారు కుర్చీలోంచి లేసినాడు సూడు, ఆ కాగితం తీసుకోని మేడమ్మ చేతిలో పెట్టి, 'ఈ సున్నాలు ఎక్కడ కూర్చుని రాసినారు?' అన్నాడు. మేడమ్మ సెప్పినమాట నేను సచ్చేదాకా మర్సిపోను. 'వాళ్ళ నెత్తిన కూర్చుని సార్' అనింది."

ఆరు గంటలకు లెక్క ఆగింది. స్టెల్లా మైకులో చదివింది. గంటన్నరలో మనుషులు మూడువందల పన్నెండు, పోనూ రానూ. పశువులు నూట డెబ్బై నాలుగు. వినపడగానే ముసలాయన తన మేకలు రెండు తక్కువయ్యాయని లేచాడు. ఆయన్ను కూర్చోబెట్టారు.

సారు నీళ్ళు తాగి, బొప్పి తడుముకుని మాట్లాడాడు. "రోడ్డు గురించి తీర్పు చెప్పే అధికారం నాకు లేదు. కానీ ఈ నివేదికను ఇట్లాగే పైకి పంపను. ఇక్కడ మూడు రోజులు మళ్ళీ లెక్క తీయాలి, మోరీ లోపల కూర్చుని. పైపు కాదు, మనుషులూ పశువులూ పోయే దారి ఉండాలని ఈరోజు మినిట్స్‌లో రాస్తున్నాను. దారి లేనిదే గోడ కట్టకూడదని కూడా రాస్తున్నాను." ఇంజనీరు వైపు తిరిగాడు. "ఎంత ఎత్తు వస్తుంది?"

"మామూలుగా ఆరడుగులు సార్."

"ఎందుకు, మల్లా బొప్పి కట్టించేదానికా?" అంది కుప్పమ్మ. మైకు ముందర లేదు ఆమె. అందుకని గొంతు తనదే వచ్చింది. అవతలి గట్టున ఆవులు కూడా తలెత్తాయి.

"ఎంత కావాలో మీరే చెప్పండమ్మా," అన్నాడు సారు.

కుప్పమ్మ అడుగులు, అంగుళాలు ఎరగదు. చుట్టూ చూసింది. గురవమ్మ ఆవుకు గట్టు మీద కోసిన పచ్చిగడ్డి మోపు వాలు దగ్గర పెట్టుకుని, ఇంటికి పోవడానికి కాచుకుని ఉంది. మోరీలో నెత్తిన పెట్టుకుని పోవడం కుదరదు. తాడు కట్టి, దుమ్ములో ఈడ్చుకుంటూ పోవాలి.

"మే గురవమ్మా, ఇట్ల రా. మోపు నెత్తిన పెట్టుకో."

"ఇప్పుడా అక్కా, అందురి ముందర?"

"పెట్టుకో మే. సెంగయ్యా, ఎత్తు."

చెంగయ్య మోపు ఎత్తి ఆమె తల మీద పెట్టాడు. గురవమ్మ చెయ్యి పైకెత్తి మోపు సర్దుకుని, మెడ నిలిపి నిలబడింది. ఇంజనీరు టేపు తెచ్చాడు. ఢిల్లీబాబు కుర్చీ ఎక్కి పై కొస పట్టుకున్నాడు.

"ఏడడుగుల పదంగుళాలు," అన్నాడు ఇంజనీరు.

"అది అణిగిన మోపు. వానాకాలం గడ్డి ఇంగా రెండు జానలు లేస్తాది," అంది కుప్పమ్మ.

సారు ఇంజనీరు వంక చూశాడు. ఇంజనీరు గురవమ్మ వంక చూశాడు. గడ్డిలోంచి ఒక మిడత ఎగిరి ఆయన చొక్కా జేబులో పడింది. "తొమ్మిదిన్నర రాయండి," అన్నాడు సారు. గుమాస్తా కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఇంగ దించేదా అక్కా?" అని అడిగింది గురవమ్మ.

"దించొద్దు," అంది కుప్పమ్మ. "ఆయప్ప రాసి, సారు సంతకం పెట్టేదాకా అట్లనే నిలబడు."

గురవమ్మ నిలబడింది.